కింద నిలబడి నా రాయి ఎక్కే పెద్దమనిషికి

అయ్యా,

మీ పేరు నాకు తెలియదు, నా పేరు మీకు తెలియదు. అయినా మూడు చలికాలాలుగా, ఆదివారం తెల్లారితే చాలు, మనిద్దరం కలిసి ఒకే రాయి ఎక్కుతున్నాం. నేను పైన, మీరు కింద. హైదరాబాద్ ఖాజాగూడ గుట్టల్లో నేను రాతికి చెయ్యి ఆనించానో లేదో వెనక నుంచి మీ గొంతు లేస్తుంది. "మేడమ్, కుడి కాలు! ఇంకా పైకి, ఇంకా! చెయ్యి చాపండి, అదిగో, అక్కడే ఉంది పట్టు!" ఆ సమయంలో మీ చేతిలో ఫ్లాస్కు మూత, మూతలో టీ. నా చేతిలో బఠాణీ గింజంత రాతి ముక్క.

ఒడ్డున కూర్చున్నవాడికి ఏరు ఎప్పుడూ మోకాలి లోతే.

ఈ నాలుగు మాటలూ మీకు పక్కకు పిలిచి చెప్పొచ్చు. కానీ మీరు ఒక్కరు కాదు. ఖాజాగూడలో ఒకరు, హంపీలో ముగ్గురు, ఎక్కడికి వెళ్లినా ప్రతి రాయి కిందా ఒకరు తయారుగా ఉంటారు. అందుకని అందరికీ వినపడేలా రాస్తున్నాను.

సంగతి తెలియనివారి కోసం రెండు ముక్కలు. బౌల్డరింగ్ అంటే తాడు లేకుండా బండరాయి ఎక్కడం. మూడు నాలుగు మీటర్ల ఎత్తు, ఒక్కోసారి ఇంకాస్త. కింద క్రాష్ ప్యాడ్ అనే మందపాటి పరుపు. కాళ్లకు వేళ్లను బిగించి పట్టే రబ్బరు షూ, చెమట పీల్చడానికి చేతులకు చాక్ పొడి. సరంజామా అంతే. మిగిలినదంతా ఎక్కేవాడి ఒళ్లూ, బుర్రా. రాతి మీద ఎక్కే దారిని మేం 'ప్రాబ్లమ్' అంటాం. ఆధునిక బౌల్డరింగ్‌కు ఆద్యుడిగా అందరూ చెప్పుకునే జాన్ గిల్ అమెరికాలో లెక్కల ప్రొఫెసర్‌గా పనిచేసిన మనిషి. జిమ్నాస్టులు చేతులకు రాసుకునే ఆ తెల్ల పొడిని 1950లలో రాళ్ల దగ్గరికి తెచ్చింది ఆయనే. ఆయన లెక్కల మనిషి కావడం, మేం రాతిని ప్రాబ్లమ్ అనడం కాకతాళీయమే కావచ్చు. కానీ లెక్క చేస్తున్న పిల్లాడి చెవిలో జవాబు చెప్పేవాణ్ణి ఏ మాస్టారూ మెచ్చుకోడు కదా.

మీరు ఎక్కడ నేర్చుకున్నారో మీ మాటల్లోనే తెలుస్తుంది. జిమ్‌లో. అందులో తప్పేం లేదు, నేనూ అక్కడే మొదలుపెట్టాను. జిమ్ గోడకు రంగు రంగుల పట్లు బిగించి ఉంటాయి. పసుపు దారి అంటే పసుపు పట్లే. వాటిని ఎవరో ఒకరు ఆలోచించి, మరతో బిగించారు. అంటే జవాబు ముందే ఉంది, పుస్తకం చివరి పేజీలో లెక్కల జవాబుల్లా. మనం చేయాల్సింది ఆ మనిషి మనసులో ఏముందో కనిపెట్టడమే.

రాతికి అలాంటి మనిషి లేడు. మన హైదరాబాద్ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. నేల లోపల గట్టిపడి, పైనున్న రాతి, మట్టి పొరలు కొట్టుకుపోయాక బయటపడి, ఎండకీ వానకీ మూలలు అరిగి, ఉల్లిపాయ పొరల్లా పొరలు రాలి గుండ్రబడింది. ఎవరి ఎత్తునూ చూసి అది తయారు కాలేదు. 'ఇక్కడ కుడి కాలు' అని దాని మీద ఎక్కడా రాసిపెట్టి లేదు. మీరు మాత్రం రాసిపెడుతున్నారు! నోటితో చెప్పింది చాలక, ప్రతి పట్టు పక్కనా చాక్‌తో ఒక గీత. పోయిన నెల నేను వచ్చేసరికి ఆ రాయి విభూతి రేఖలు పెట్టుకున్న స్వాములవారిలా ఉంది. తుడవడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

మా భాషలో ఈ దారి వివరాన్ని 'బీటా' అంటారు. వెనకటి బీటామ్యాక్స్ వీడియో టేపుల పేరు మీదుగా, టెక్సస్ క్లైంబర్ల సరదా మాటగా పుట్టిందని చెప్పుకుంటారు. టేపు చూసినట్టు కదలికలన్నీ ముందే తెలిసిపోవడం అన్నమాట. అడిగితే ఇచ్చే బీటా సాయం. అడగకుండా ఇచ్చేది, సినిమా హాల్లో పక్క సీటువాడు చెప్పే క్లైమాక్స్.

పైగా మీ బీటా మీ ఒంటికి కుట్టించుకున్న చొక్కా. మీరు ఆరడుగులు, నేను ఐదడుగుల ఒక అంగుళం. 'అదిగో అక్కడే' అని మీరు చూపించే పట్టు నాకు ఒక మూర దూరం. కాలిఫోర్నియాలో ఎల్ కాపిటాన్ అనే మహా శిల మీద 'నోస్' అనే దారి ఉంది. తాడు ప్రమాదానికి అడ్డుగా మాత్రమే ఉంచుకుని, చేతులూ కాళ్లతోనే దాన్ని మొదట ఎక్కిన మనిషి లిన్ హిల్. 1993లో. ఆమె ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. అంతకుముందు ఎందరో పొడుగాటి మగవాళ్లు ప్రయత్నించి వదిలేసిన దారి అది. పెద్ద వేళ్లు దూరని చీలికల్లో ఆమె సన్నని వేళ్లు దూరాయి. చెయ్యి అందని చోట ఒళ్లు తిప్పి తన దారి తాను చేసుకుంది. కింద మీలాంటివారు నిలబడి 'ఇంకొంచెం చెయ్యి చాపమ్మా' అని ఉంటే ఆమె ఏం చేసేదో!

ఇక మీ సొంత రాతి దగ్గరకు వద్దాం. నా సొంతం అనబోయి ఆగాను.

మేం దాన్ని గంగాళం అంటాం. బోర్లించిన గంగాళంలాగే ఉంటుంది. కింద కాస్త లోపలికి వంగి, నడుము దగ్గర ఉబ్బి, పైన నున్నగా గుండు. మొదటి నాలుగు కదలికలకు చేతులకు అంచులు దొరుకుతాయి. ఐదోదానికి ఏమీ ఉండదు. అరచేయి మొత్తం రాతికి అప్పగించి, పాదాల్ని నమ్ముకుని లేవాలి. జనవరిలో ఒక తెల్లవారుజామున నేను అక్కడిదాకా వెళ్లాను. పదకొండో ప్రయత్నం. ఎడమ అరచేయి పైనుంది, కుడి పాదానికి చోటు కోసం చూపుతోనే వెతుకుతున్నాను. గ్రానైట్‌లో గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్ గింజలుంటాయి, బియ్యపు గింజ నుంచి చింతగింజ దాకా. వాటిలో ఏది బరువు మోస్తుందో ఏది మోయదో చూడాలి. సరిగ్గా అప్పుడు మీరు, "కుడి కాదు మేడమ్, ఎడమ! ఎడమ!"

ఎడమ ఏమిటి? చెయ్యా, కాలా? అని నా బుర్ర ఒక్క రెప్పపాటు మీ వైపు తిరిగింది. ఆ రెప్పపాటులో అరచేయి జారింది. పరుపు మీద పడ్డాను. దెబ్బ తగల్లేదు. కానీ ఐదో కదలికకు ముందు ఏం చూశానో, ఏం అనుకున్నానో మొత్తం చెరిగిపోయింది. మీరేమో తలూపుతూ, "చెప్పానుగా" అన్నారు.

మీరు మాట్లాడుతూ ఉండడం వల్ల మీకు కనపడని పని ఒకటి ఉంది. రాతిని ముట్టుకోకముందు జరిగే పని. నా పాఠాల్లో సగం అక్కడే ఉన్నాయి.

వచ్చీ రాగానే నేను రాయి చుట్టూ తిరుగుతాను. ప్రదక్షిణం అని మీరు నవ్వారు ఒకసారి. పైకెక్కాక దిగే దారి ఎటో ముందే చూసుకోవాలి. జిమ్‌లో పైపట్టు ముట్టుకుని దూకేయొచ్చు. ఇక్కడ పైకి చేరాక దిగలేక, ఎండలో గంటసేపు కాకిలా కూర్చున్నవాళ్లను చూశాను. వీలైతే వెనక నుంచి పైకెక్కి చివరి అంచును తడిమి చూస్తాను. అక్కడ ఇసుక ఉందా, ఎండు ఆకులున్నాయా, పగుల్లో తేలు కాపురం ఉందా. పక్క బండ కింద తేనెతుట్టె ఉంటే ఆ రోజుకు నమస్కారం పెట్టి వేరే రాతికి పోతాను.

తర్వాత రాయిని తట్టి వింటాను. ఇది నాకు ఏ కోచూ చెప్పలేదు. భువనగిరి పక్కన మా అమ్మమ్మ ఊళ్లో రాళ్లు కొట్టే ఒక పెద్దాయన చెప్పాడు. పొరలా లేచిన రాతి అంచును వేలి కణుపుతో తడితే గట్టిదైతే ఖంగుమంటుంది. విడిపోతున్నదైతే డొల్ల కుండలా మోగుతుంది. డొల్లగా మోగినదాన్ని గుంజకూడదు. అది నీ చేతిలోకే వస్తుంది, నువ్వు దాని కిందికి పోతావు. మీరు ఎప్పుడైనా చెవి పెట్టి విన్నారా? మీ గొంతు ఆగితే వినపడుతుంది.

ఆ తర్వాత పట్లను బ్రష్‌తో రుద్దుతాను. నైలాన్ టూత్‌బ్రష్ చాలు, ఇనుప తీగల బ్రష్ మాత్రం వద్దు, రాతి ఒంటిని గీరేస్తుంది. పాత చాక్ పేరుకుంటే పట్టు నున్నబడుతుంది. షూ అడుగును గుడ్డతో తుడుస్తాను. మట్టి అంటిన రబ్బరు, నూనె రాసుకున్న చెయ్యి ఒకటే. ప్యాడ్‌ను మొదలుపెట్టే చోట కాదు, పడే చోట వేస్తాను. కాలు జారితే ఒళ్లు ఎటు ఊగుతుందో ముందే ఊహించాలి. రెండు ప్యాడ్ల మధ్య సందు ఉంటే మడమ సరిగ్గా వెతుక్కుని అందులోకే వెళ్తుంది. బియ్యంలో రాయి ఎంత కొంచెం ఉన్నా పంటికిందకే వచ్చినట్టు.

మీరు ఒక్కోసారి పదకొండింటికి వచ్చి, ఎండలో ఆ రాతి మీద పడి, 'ఈ రోజు బలం లేదు' అనడం విన్నాను. బలం కాదండీ, వేడి. చెమట పట్టిన వేలికి గ్రానైట్ సబ్బుబిళ్ల. అందుకే ఈ ఆటకు నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా తెల్లవారుజాములే కాలం. పొద్దున పడమటి ముఖాల రాళ్లు ఎక్కాలి, సాయంత్రం తూర్పు ముఖాలవి. నీడను వెంబడించడం ఈ ఆటలో సగం తెలివి. ఇంకో సగం ఓపిక పట్టి కూర్చోవడం. గట్టి ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య నాలుగైదు నిమిషాలు నేను ఊరికే కూర్చుంటే, 'రండి మేడమ్, ఒళ్లు చల్లబడకముందే' అని మీరు కంగారుపెడతారు. కండరం తేరుకోవాలి, వేలి తోలు చల్లబడాలి. మన గ్రానైట్ గరుకు తోలును కొబ్బరి కోరులా కోరుతుంది. రోజుకు ఇన్ని ప్రయత్నాలని వేళ్ల దగ్గర నిల్వ ఉంటుంది, అది అయిపోయాక ఎంత బలమున్నా ఇంటికే. తోలు పైకి లేచిన చోట సన్న గరుకు కాగితంతో అరగదీసి, రాత్రి కాస్త మైనం రాసుకుని పడుకుంటేనే మళ్లీ ఆదివారం.

ఇక పైకెక్కే చివరి కదలిక. జిమ్ నుంచి వచ్చినవాళ్లంతా తెల్లమొహం వేసేది ఇక్కడే. మీరూ అక్కడే ఆగిపోతారు, చూశాను. అంచుకు రెండు చేతులూ అందాయి, కాళ్లు గాల్లో ఉన్నాయి. ఇప్పుడేం చేయాలి? గుంజితే రాదు. చిన్నప్పుడు అటక ఎక్కడం గుర్తుందా? పట్టుకుని లాగుతూ ఉన్నంతసేపూ వేలాడుతూనే ఉంటాం. ఎప్పుడో ఒకప్పుడు మోచేయి పైకి తిప్పి, అరచేయి అంచు మీద ఆనించి, లాగడం మానేసి కిందికి నొక్కడం మొదలుపెడతాం. అప్పుడు నడుము లేస్తుంది, మోకాలు కాదు, పాదం అంచు మీదకు వస్తుంది. మా అమ్మమ్మ ఊరి బావిలో ఈత కొట్టి గట్టెక్కే పిల్లలందరికీ ఈ విద్య వచ్చు. గట్టెక్కడం అనే మాటకు మన భాషలో రెండో అర్థం ఊరికే రాలేదు. దీన్ని నేల మీదే, నడుమెత్తు బండ మీద యాభైసార్లు చేసి అలవాటు చేసుకోవాలి. నాలుగు మీటర్ల ఎత్తులో, 'నొక్కండి మేడమ్, నొక్కండి' అనే అరుపు విని నేర్చుకునేది కాదు.

మీకు ఒక సంగతి చెబుతాను. ఫిన్లాండ్‌లో లాప్నోర్ అనే చోట ఒక రాయి ఉంది. నాలె హుక్కతైవల్ అనే అతను ఏళ్ల తరబడి దాని చుట్టూ తిరిగి, పడి, లేచి, 2016లో ఎక్కాడు. 'బర్డెన్ ఆఫ్ డ్రీమ్స్' అని పేరు పెట్టాడు. అప్పటికి బౌల్డరింగ్‌లో అంత కష్టమైనది లేదు. ఆ ఏళ్లన్నీ అతనికి కింద నిలబడి దారి చెప్పగలవాడు ప్రపంచంలోనే లేడు. ఎవరూ ఎక్కనిది కదా! అతనికి దొరికిన ఆ అదృష్టం నాకు గంగాళం దగ్గర చిన్న కొలతలో దొరికింది. దాన్ని మీరు ప్రతి ఆదివారం నా చేతిలోంచి లాక్కుంటున్నారు. పైగా ఈ ఊళ్లో అలాంటి రాళ్లు ఏటేటా తగ్గుతున్నాయి. వాటిని కాపాడాలని 'సొసైటీ టు సేవ్ రాక్స్' వాళ్లు 1996 నుంచి చెబుతూనే ఉన్నారు, ఆ పక్కనే పేల్చినవాళ్లు పేలుస్తూనే ఉన్నారు. ఒక రాతిని మొదటిసారి చూసి, మనంతట మనం దారి వెతుక్కోవడం అనేది ఒక్కసారే దొరుకుతుంది. తిరిగి ఇవ్వలేనిదాన్ని ముందుగా చెప్పేయకూడదు.

ఇంత కోపంగా రాసి ఒక నిజం దాచడం న్యాయం కాదు.

ఫిబ్రవరి రెండో ఆదివారం. గంగాళం మీద నేను చివరి అంచు దాకా వెళ్లి, ఎడమ మోచేయి తిప్పబోతుంటే ఒళ్లు తిరగబడింది. కాళ్లు పైకి, తల కిందికి. అలాంటి పాటు నాకు అంతవరకూ లేదు. గాల్లో ఉండగా నాకు ఒక్క వింత తోచింది, మీ గొంతు లేదు. తర్వాత రెండు అరచేతులు నా వీపును, భుజాలను ఒక్క తోపు తోశాయి. పట్టుకోలేదు, ఆపలేదు. ప్యాడ్ మీద వీపు పడేలా, తల పక్క బండకు తగలకుండా తిప్పాయి అంతే. నేను లేచేసరికి మీరు మాట లేకుండా నిలబడి ఉన్నారు. చేతులు ఇంకా ముందుకు చాచి, వేళ్లు దగ్గరగా, బొటనవేళ్లు లోపలికి. ఫ్లాస్కు మూత రాళ్లలో పడి టీ అంతా ఒలికిపోయింది.

దాన్నే స్పాటింగ్ అంటారు. అంత బాగా చేసినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. ఎక్కేవాడి చేతుల్నీ కాళ్లనూ కాదు, నడుమును చూస్తూ ఉండడం. పడబోతున్న మనిషిని ఎత్తుకోవడం కాదు, పడే చోటును మార్చడం. ఆ క్షణంలో మీకు సలహా ఒక్కటీ గుర్తు రాలేదు. నోరు మూతపడింది కనుకనే చేతులు తెరుచుకున్నాయి.

ఆ రోజు మీకు థాంక్స్ చెప్పాను గానీ, నిజానికి నాకు సిగ్గేసింది. ఎందుకంటే అంతకు రెండు వారాల ముందు, కాలేజీ పిల్ల ఒకతి మొదటిసారి వచ్చి చిన్న బండ మీద ఎక్కుతుంటే, 'కాలు పైకి అమ్మా, ఇంకా పైకి' అని అరిచింది ఎవరనుకున్నారు? నేనే. ఆ పిల్ల నా వైపు తిరిగి, సరే అన్నట్టు తల ఊపి, నేను చెప్పినట్టే ఎక్కింది. పైకి చేరాక దాని ముఖంలో సంతోషం లేదు. హోంవర్క్ ఇచ్చేసినట్టు దిగిపోయింది. తర్వాత మళ్లీ కనపడలేదు. కాబట్టి ఈ ఉత్తరం మీకొక్కరికే అనుకోకండి, కింద నిలబడినప్పుడు నాకూ.

నేను అడిగేది ఎక్కువేం కాదు. ఎవరైనా రాతి మీద ఉన్నంతసేపూ ఒక్కటే మాట, 'ఉన్నాను' అని. అది చాలు, అంతకంటే ధైర్యం ఇచ్చే మాట ఈ ఆటలో లేదు. దిగి వచ్చాక అడిగితే మీకు తెలిసిందంతా చెప్పండి, నేను చెవులు రిక్కించి వింటాను. అడగకపోతే టీ పోయండి. పోయేటప్పుడు మీరు గీసిన గీతలు మీరే బ్రష్‌తో తుడవండి. ఫ్లాస్కును ప్యాడ్‌కు పదడుగుల దూరంలో పెట్టండి, మీ చేతులు నాకు ఖాళీగా కావాలి.

మరొకటి. గంగాళం మీద ఐదో కదలిక దగ్గర మీరు కూడా మూడు చలికాలాలుగా ఆగిపోతున్నారు. ఎప్పుడూ కుడి పాదానికే చోటు వెతుకుతారు, అందక జారిపోతారు. మార్చి నెల మొదటి ఆదివారం నేను గంగాళం ఎక్కాను, మీరు ఊళ్లో లేరు. అక్కడ ఎడమ పాదానికి ఒక గింజ ఉంది. గులాబీ రంగు, పెసరగింజ కంటే కాస్త పెద్దది. మీ ఎత్తుకు నాకంటే బాగా అందుతుంది.

ఎక్కడుందో చెప్పను.

ఇట్లు,
'ఇంకొంచెం చెయ్యి చాపండి మేడమ్'